ఈదమ్మ కొడుకు నడిపే టిప్పర్

ఈదమ్మ తట్ట లేకుండా రావడం నేను చూడటం అదే మొదటిసారి. ఆదివారాలు తెల్లారేసరికి మా హోటల్ మెట్టు పక్కన చేపల తట్ట దించి, "వినోదా, ఇంత చాయ పొయ్యవే" అని కేకేసే మనిషి. అలాంటిది ఆ బుధవారం పొద్దున ఉత్త చేతులతో వచ్చి, చాయ అడక్కుండా, నా వైపైనా చూడకుండా, ఎదురుగా ఉన్న మెకానిక్ మొగులయ్య షెడ్డు మీదే కళ్లు పెట్టి మెట్టు మీద కూర్చుంది.

మాది పేరుకే హోటల్. మేడ్చల్ దాటాక సర్వీసు రోడ్డు పక్కన నాలుగు బల్లలు, ఒక స్టవ్వు, పైన రేకులు. నేను డిగ్రీ దాకా చదివాను. "డిగ్రీ చదివి చాయ పోస్తున్నవా?" అని అడిగిన ప్రతివాడికీ, "డిగ్రీ చదివినోళ్లు పోస్తేనే చాయ గింత మంచిగుంటది" అని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. ఆయన అబద్ధాలు చెప్పే మనిషి కాదు. అయినా ఆ రోజు ఈదమ్మ పక్కన కూర్చున్నాక ఏం మాట్లాడాలో నాకే తోచలేదు.

సంగతంతా ముందురోజు మొదలైంది. ఈదమ్మ కొడుకు మల్లేష్, మధుసూదన్ దగ్గర టిప్పర్ నడుపుతాడు. మధుసూదన్ వాళ్లది తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. ఇప్పుడు ఆ భూములే ప్లాట్లుగా కోసి అమ్ముకుంటున్నారు. శామీర్‌పేట వైపు వేస్తున్న కొత్త వెంచర్‌లో రోడ్లకు మొరం తోలడం ఆ టిప్పర్ పని. పాత బండి. కొన్నాళ్లుగా ఎత్తు ఎక్కలేక తెల్ల పొగ కక్కుతోంది. మంగళవారం లోడుతో వస్తూ అలియాబాద్ దగ్గర నడిరోడ్డు మీద దగ్గి దగ్గి ఆగిపోయింది. మొగులయ్య పోయి డీజిల్ ఫిల్టర్ విప్పితే అందులోంచి డీజిల్ కాదు, నీళ్లు కారాయి.

పక్కనే నిలబడ్డ మధుసూదన్‌కు అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది. డీజిల్ బయట అమ్ముకుని, ట్యాంకు తేలికైనట్టు తెలియకుండా నీళ్లు పోసే డ్రైవర్లు లేకపోలేదు. అక్కడికక్కడే ఫోన్ తీసి, ఇటు మేడ్చల్ నుంచి అటు శామీర్‌పేట దాకా ఉన్న టిప్పర్ ఓనర్లు, డ్రైవర్లు అందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు. "మా మల్లేష్‌గాడు డీజిల్ అమ్ముకొని ట్యాంకుల నీళ్లు వోసిండు. ఎవ్వలు గూడ వాన్ని బండి ఎక్కనియ్యకుండ్రి."

లారీ లైనులో తాగుతాడని పేరొచ్చిన వాడికైనా ఏదో ఒక బండి దొరుకుతుంది. గుద్దాడని పేరొచ్చినా దొరుకుతుంది. డీజిల్ దొంగ అని పేరొస్తే మాత్రం క్లీనర్‌గా కూడా ఎక్కించుకోరు. ఆ సంగతి ఈదమ్మకు రాత్రే కొడుకు చెప్పాడట. చెప్పి, అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడట. అందుకే పొద్దున్నే అలియాబాద్ నుంచి రెండు షేర్ ఆటోలు మారి కొడుకు కన్నా ముందే షెడ్డు దగ్గరికి వచ్చేసింది.

"వాడు తియ్యలే వినోదా," అంది చివరికి. "వాడు తియ్యడు. నాకు తెల్సు."

ప్రతి దొంగకూ తల్లి ఉంటుంది, ప్రతి తల్లీ ఇదే మాట అంటుంది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఆమె చేతులు చూసి మింగేశాను. చేపలు కోసి కోసి గీతలు పడ్డ చేతులవి.

కాసేపటికి భిక్షం అనే ఇంకో డ్రైవరు తన టిప్పర్‌కు చైను కట్టి చచ్చిన బండిని ఈడ్చుకొచ్చాడు. వెనకే కారులో మధుసూదన్. ఆ వెనక బైకు మీద మల్లేష్. బండి దిగి షెడ్డు బయటే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నిన్నటిదాకా తాను నడిపిన బండి తాళం ఇవాళ భిక్షం చేతిలో ఉంది. తల్లిని చూసి కూడా చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

మొగులయ్య తొందరపడే రకం కాదు. ముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. నోట్లో వక్కపలుకు అటు నుంచి ఇటు మారితే గానీ స్పానర్ పట్టడు. "ఏమైంది మొగులన్నా?" అంటే, "కానీయ్, సూద్దాం" అంటాడు. కానీయ్ అన్నాడంటే ఆయనకూ ఇంకా ఏమీ తెలియదని అర్థం.

"నీళ్లున్నయ్ నిజమే పటేలా," అన్నాడు మధుసూదన్‌తో. "గని బండి గుంజకపోవుడు నీళ్లతోనేనా, పంపే అరిగిందా, విప్పితే గాని చెప్పరాదు. పాత పంపాయె. అరుగుడైతే పిలగాని తప్పు లేదు. తుప్పైతే మటుకు నీళ్లే."

ఆ మాట ఈదమ్మ విన్నది. విని నా మోచెయ్యి పట్టుకుంది. "అరుగుడంటే మంచిదా? తుప్పంటే మంచిదా?" అని అడిగింది. అరిగితే మంచిదని చెప్పాను. "అరగాలె, అరగాలె," అని ఆమె గొణుక్కోవడం మొదలుపెట్టింది. బండి చెడిపోవాలి, కానీ ఫలానా విధంగానే చెడిపోవాలి అని మొక్కుకునే మనిషిని నేను అప్పుడే చూశాను.

డీజిల్ బండికి పంపే గుండెకాయ అని మొగులయ్య అంటాడు. ట్యాంకులోని డీజిల్‌ను అది ఆరు సన్న పైపుల్లోంచి ఇంజన్‌లోకి కొడుతుంది. కొట్టడమంటే మామూలుగా కాదు, చెయ్యి అడ్డం పెడితే తోలు చీల్చుకుని పోయేంత జోరుగా. మొగులయ్య ఆ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, "కొట్టు!" అన్నాడు. క్యాబిన్‌లో భిక్షం తాళం తిప్పాడు. మొదటి పైపు దగ్గర చురుక్కున డీజిల్ చిమ్మింది. ఈదమ్మ కూర్చున్న చోటి నుంచి లేచింది. "కొట్టింది గదా? మంచిదే గదా?" అంది. రెండోది కూడా చిమ్మింది. మూడోదాని దగ్గర ఒక బొట్టు ఊరి, నట్టు మీదుగా కారింది, అంతే. నాలుగోదీ అలాగే. ఐదు, ఆరు అసలు తడే కాలేదు.

"పైపుల కొసకున్న నాజిళ్లు గావు, పంపే," అన్నాడు మొగులయ్య. ఇక పంపు దించక తప్పదు.

పంపు మీదా ఇంజన్ మీదా ఎదురెదురుగా ఉలితో చిన్న గీత గీశాడు. మళ్లీ బిగించేటప్పుడు ఆ రెండు గీతలు కలవాలి, లేకపోతే డీజిల్ వేళ తప్పి పడుతుంది. పైపులన్నీ విప్పి, నాలుగు బోల్టులు తీసి, పసిపిల్లను ఎత్తినట్టు పంపును రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. మధుసూదన్ ఫోన్ జేబులో పెట్టి దగ్గరికొచ్చాడు. భిక్షం దిగొచ్చాడు. నేనూ స్టవ్వు సన్నం చేసి రోడ్డు దాటాను. మల్లేష్ ఒక్కడే ఉన్న చోటి నుంచి కదల్లేదు.

పంపు లోపల వేలెడంత ఉక్కు కడ్డీలు ఆరు ఉంటాయి. అవి అద్దంలా మెరవాలి. మొగులయ్య మొదటిది లాగాడు, వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది పట్టకారుతో లాగినా రాలేదు. మెల్లగా తట్టి, తిప్పి, బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. గుడ్డ ఎర్రబడింది.

"తుప్పు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

"ఇగ ఏం జూస్తవ్ మొగులయ్యా! నేనన్లే?" మధుసూదన్ గొంతు షెడ్డంతా నిండింది. "నమ్మి బండి చేతికిస్తే పంపునే సంపిండు. ఇగ వీన్ని పోలీస్ స్టేషన్ల నిలవెడితెనే తెలివొస్తది."

మల్లేష్ అప్పుడు నోరు తెరిచాడు. "అన్నా, నేను ఒక్క సుక్క గూడ తియ్యలే. నా పిల్లల మీద ఒట్టు."

"మరి నీళ్లెట్ల వచ్చినయ్ రా? వాన కురిసిందా ట్యాంకుల?"

అదే వాడి ఖర్మ. చెయ్యని వాడికి ఎలా జరిగిందో తెలియదు, తెలియదంటే దొంగ అంటారు.

అప్పుడే ఈదమ్మ జనం మధ్యలోకి వచ్చి మధుసూదన్ ముందు నిలబడింది. "నేనే పోసిన పటేలా," అంది. "డీజిలు నేనే అమ్ముకున్న. నీళ్లు నేనే పోసిన. వానికేం తెల్వదు. జేస్తే నన్నేమన్న జెయ్యి."

మధుసూదన్ నవ్వాడు. "నువ్వు అమ్ముకున్నవా? ఎవనికి?"

"చేపల బండాయనకు."

"ఎన్ని లీటర్లు?"

ఈదమ్మ తడబడింది. చేపనైతే చేత్తో ఎత్తి ఇంత తూగుతుందని చెప్పేస్తుంది. డీజిల్ ఎలా కొలుస్తారో ఆమెకేం తెలుసు? "రెండు బిందెలు," అంది.

షెడ్డులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. భిక్షం కళ్లు తుడుచుకున్నాడు. మల్లేష్ వచ్చి తల్లి రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. "ఎందుకే ఇజ్జత్ తీస్తవ్? నన్ను దొంగోన్ని జేసింది సాలదా, నువ్వు గూడ దొంగవైతవా?" అని అరిచాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నవ్విన వాళ్లందరికీ మధ్యాహ్నం చాయలో చక్కెర తక్కువ వేశాను, అది వేరే సంగతి.

సూరారం దగ్గర పాత పంపులు బాగు చేసి, మిషన్ మీద సెట్ చేసి ఇచ్చే షాపు ఒకటి ఉంది. ఇదే రకం పంపు సిద్ధంగా ఉందని తెలిసి, మధుసూదన్ కారు అటు పంపాడు. అది వచ్చేదాకా అందరికీ ఎదురుచూపే. నేను ఈదమ్మకు బలవంతంగా రెండు ఇడ్లీలు పెట్టాను. ఒకటి తిని, రెండోది చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.

ఆమె సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. భర్త వీరయ్య చెరువు మీద వల వేసి బతికిన మనిషి. మల్లేష్ పదో తరగతిలో ఉండగా కామెర్లతో పోయాడు. అప్పటి నుంచి చెరువు దగ్గర చేపలు కొని తట్టలో మోసుకొచ్చి అమ్ముతోంది. కొన్నాళ్లు కొంపల్లి విల్లాల దగ్గరికి పోయేది. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు నీచు వాసన అని లోపలికి రానిచ్చేవాడు కాదు. లోపలి ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గేటు దాకా వచ్చి, చేప తాజాదేనా అని పది సార్లు అడిగి కొనేవాళ్లు. "ముక్కు మూసుకుంటే తాజాదో కాదో ఎట్ల తెలుస్తదమ్మా?" అని ఈదమ్మ ఒకామెను అడిగిందట. ఆ తర్వాత ఆ గేటు దగ్గర కూర్చోనివ్వలేదు. అందుకే నా మెట్టుకు వచ్చింది. నోరున్న వాళ్లు నోరున్న వాళ్ల దగ్గరికే చేరతారు.

కొర్రమీను బతికున్నదే జనం కొంటారు. అందుకని ఇంటి ముందు సిమెంటు తొట్టి కట్టించి, చెరువు నీళ్లు తెచ్చి పోసి, అందులో వదులుతుంది. కొడుకును మాత్రం చెరువులో దిగనివ్వలేదు. ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు ఎండుతుందో తెలియని నీళ్లను నమ్ముకుని తన బతుకు గడిచింది చాలంది. లారీ నేర్చుకుంటానంటే సరేనంది. క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరై, లైసెన్సు వచ్చిన రోజు మల్లేష్ టిప్పర్ తెచ్చి ఇంటి ముందు ఆపితే, ఊరంతా తిరిగి "నా కొడుకు బండి" అని చెప్పుకుందట. బండి మధుసూదన్‌ది అని ఎవరో అంటే, "నడిపేటోనిదే బండి," అందట.

"ఇగ ఎవడు పిలుస్తడు వినోదా వాన్ని?" అని అడిగింది నన్ను. "మళ్ల వల వట్టుమనాల్నా? ఈత గూడ రాదు వానికి. నేనే నేర్వనియ్యకపోతి."

భయం అంటుకునే రోగం. ఆమె పక్కన కూర్చుని కూర్చుని నాకూ పట్టుకుంది. ఇంటికి పొమ్మని చెబుదామనుకున్నాను. కానీ కొడుకు ఇక్కడ ఉండగా ఆమె ఎక్కడికి పోతుంది?

కొత్త పంపు వచ్చింది. వచ్చీ రాగానే బిగించేస్తాడనుకున్న మధుసూదన్‌కు మొగులయ్య అడ్డం పడ్డాడు. "కొత్త పంపుకు ఈ డీజిల్ తాగియ్యను. ముందు ట్యాంకు కడగాలె." ట్యాంకు కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అడుగున ఉన్న నట్టు విప్పాడు. నీళ్లు బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. ముందుగా అవే వచ్చాయి, చాయ రంగులో. తర్వాత బురద. ఆ తర్వాత డీజిల్ సన్నని ధారగా పడుతూ పడుతూ ఆగిపోయింది. ఏదో అడ్డం పడింది. మొగులయ్య తీగ పెట్టి పొడిచాడు. చప్పున ఏదో జారి టబ్బులో పడింది.

చేత్తో తీసి, గుడ్డ మీద పెట్టి, వెలుతురులోకి తెచ్చాడు. చిటికెన వేలంత చేప. డీజిల్‌లో నాని, పొలుసులతో సహా చెక్కు చెదరకుండా ఉంది.

"ఇదేంది పటేలా?" అన్నాడు మొగులయ్య. ఎన్నో ట్యాంకులు కడిగిన మనిషి, ఆయన గొంతులోనే ఆశ్చర్యం. "దొంగతనం జేసెటోడు బోరింగు నీళ్లు పోస్తడు, నల్లా నీళ్లు పోస్తడు. చేపున్న నీళ్లు ఎవడు వోస్తడు?"

"గా చెరువులకెంచి ముంచి పోసి ఉంటడు," అన్నాడు మధుసూదన్. కానీ గొంతులో పొద్దుటి జోరు లేదు.

నేను ఈదమ్మను చూశాను. దగ్గరికొచ్చి, గుడ్డ మీద ఉన్నదాన్ని వేలితో తిప్పి, "పరక," అంది మెల్లగా. చెరువుల్లో ఉండే చిన్న చేపను పరక అంటారు. అంతే, ఆమె ముఖంలో రక్తం లేకుండా పోయింది. కొడుకు వైపు తిరిగింది.

"మల్లేషా," అంది, "నువ్వు డీజిలు తెచ్చేది మన నీలం డబ్బలనే గదా?"

అందులో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలిసిందే. టిప్పర్ బంకు దాకా పోయొస్తే ఒక ట్రిప్పు తగ్గుతుందని మధుసూదన్ బండిని మొరం దారి విడిచి పోనివ్వడు. మల్లేషే పొద్దున వచ్చేటప్పుడు బైకు వెనక డబ్బా కట్టుకుని, బంకులో డీజిల్ నింపించి తెచ్చి ట్యాంకులో పోస్తాడు. ఆ డబ్బా కూడా మధుసూదన్ కొనిచ్చింది కాదు. ఈదమ్మ ఇదివరకు చెరువు నీళ్లు తెచ్చుకున్న డబ్బానే కొడుకు కడిగి వాడుకుంటున్నాడు. వెంచర్‌లో వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని సాయంత్రం ఇంటికి తెచ్చి పెడతాడు.

"వాడు దినాం కడిగి, గోడకు బోర్లిచ్చి పెడుతుండె," అంది ఈదమ్మ. మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "మా అత్త చెప్పేది. చెరువు నీళ్లు మోసిన గిన్నె బోర్లిచ్చి ఎండవెట్టద్దని. గిన్నె ఎండితే చెరువెండుతదని. గందుకే వాడు పండుకున్నంక నేను డబ్బ లేపి, తొట్టిలకెంచి దోసెడు నీళ్లు వోసి పెడుతుంటి. దోసెడే. మా ఆయన ఉన్నప్పటిసంది గిట్లనే జేస్తున్న. డీజిలు తెస్తడని ఎర్కనే. గని దోసెడు నీళ్లకు లారీ సస్తదని నాకేం తెల్సు? నీళ్లుంటె ఏదైన బతుకుతది గాని, సస్తదా అనుకున్న."

మల్లేష్ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తెల్లవారుజామున చీకట్లో డబ్బా బైకుకు కట్టేసే వాడికి, అంత పెద్ద డబ్బాలో దోసెడు నీళ్లు కదిలాయని ఎలా తెలుస్తుంది? రోజుకు దోసెడు. ఒక రోజుది ఏమీ చెయ్యదు. అన్ని రోజులవీ అడుగున పేరుకుని, ఒకనాడు పంపులోకి పోయాయి.

"పొద్దుగాల గూడ గిట్లనే అన్నవు గదా ఈదమ్మా," అన్నాడు మధుసూదన్. "అప్పుడు రెండు బిందెలు, ఇప్పుడు దోసెడా? కొడుకు కోసం నువ్వు ఏదన్న అంటవ్."

నాకు ఒళ్లు మండింది. కానీ అతనన్నదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. పొద్దున అబద్ధం చెప్పిన నోరే ఇప్పుడు నిజం చెబుతోంది. రెండూ ఒకే నిజం కోసం చెప్పినవే అయినా, వినేవాడికి ఎలా తెలుస్తుంది? ఈదమ్మ చేతులు జోడించింది. ఇంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నిజం తెలిసీ కొడుకు దొంగగానే మిగిలిపోతాడేమోనని నాకూ అనిపించింది.

"డబ్బ ఎక్కడున్నది?" అని అడిగాడు మొగులయ్య.

ఇవాళ బండి లేదు కాబట్టి డబ్బా ఇంటి దగ్గరే ఉంది. మల్లేష్ భార్య లత ఇంట్లోనే ఉంది. నేను మల్లేష్ చేతిలోంచి ఫోన్ లాక్కుని వీడియో కాల్ కలిపాను. లతకు ముందుగా ఏమీ చెప్పొద్దని మధుసూదన్ సైగ చేశాడు. ఫోన్ అతని చేతికే ఇచ్చాను.

"లతా, ఆ నీలం డబ్బ సూపియ్యమ్మా," అన్నాడు.

పటేలు ముఖం చూసి లత బెదిరిపోయింది. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి నడిచింది. గోడ వారగా డబ్బా నిలబెట్టి ఉంది, మూత పెట్టి.

"మూత తీసి బోర్లియ్యి."

లత ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో డబ్బా పట్టుకుని వంచింది. వాకిట్లో సిమెంటు మీద దోసెడు నీళ్లు పడి పారాయి.

"గీ నీళ్లు ఎవలు వోసిన్రు?"

"అత్తమ్మ పటేలా. దినాం వోస్తది గదా. రాత్రి గూడ వోసింది," అంది లత. "ఆయన పరేషాన్‌ల ఉన్నడు, మంచి జరగాలె అని మొక్కి వోసింది. ఏమైంది?"

మధుసూదన్ ఫోన్ మల్లేష్‌కు తిరిగిచ్చేశాడు.

ఇక మొగులయ్య పని మిగిలింది. ట్యాంకు రెండుసార్లు కడిగాడు. కొత్త ఫిల్టర్ వేశాడు. పంపు ఎక్కించి, గీతకు గీత కలిపి బిగించాడు. చేతి పంపు కొట్టి కొట్టి పైపుల్లోని గాలంతా బయటికి తీశాడు. కొత్త పంపు పెట్టి మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఇంజన్‌కు గాలి పోయే నోటి దగ్గర ఒక మనిషిని చెక్క పట్టుకుని నిలబెడతాడు. పంపు పట్టేసి డీజిల్ ఆపకుండా కొడితే తాళం తిప్పినా ఇంజన్ ఆగదు. పగిలే దాకా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు గాలి మూసి చంపాలి. చెక్క పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మల్లేష్ వచ్చి తీసుకున్నాడు.

భిక్షం తాళం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు మూలిగి అంటుకుంది. అంటుకున్నదే తడవుగా గొంతు పెంచింది. పెంచుతూ పోయింది. షెడ్డు రేకులు అదిరాయి, నల్ల పొగ కమ్మింది. భిక్షం తాళం తీసి పైకెత్తి చూపించాడు, అయినా ఆగలేదు. "మూయ్ రా, మూయ్!" అని మొగులయ్య అరిచాడు. పొగలో మల్లేష్ కనబడలేదు. ఈదమ్మ వాడి పేరు పిలుస్తూ పొగలోకి ఉరికింది, నేను కొంగు పట్టుకుని ఆపాను. చెక్క పడిన చప్పుడైంది. ఇంజన్ గొంతు నొక్కినట్టు గురగురమని ఆగింది.

పొగ పోయాక మల్లేష్ చెక్క మీద రెండు చేతులూ, పైన ఛాతీ ఆనించి నిలబడి ఉన్నాడు. ముఖమంతా మసి.

"నాదే తప్పు," అన్నాడు మొగులయ్య, వెంటనే. ఎక్సిలేటర్ రాడ్డు తొందరలో ఎక్కువ బిగించాడట, అది వెనక్కి రాలేక పంపును పట్టేసిందట. వదులు చేసి, చేత్తో పదే పదే ఆడించి చూసి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. ఈసారి ఇంజన్ అంటుకుని, కాస్త తడబడి, నిదానంగా నడిచింది. మొగులయ్య ఆరు పైపుల మీదా ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి, లోపల కొట్టుకుంటున్న డీజిల్‌ను నాడి చూసినట్టు చూసి తల ఊపాడు.

మధుసూదన్ భిక్షం దగ్గర తాళం చెవి తీసుకుని మల్లేష్ ముందు పట్టాడు. "రేపు పొద్దుగాల రా. అయిందేదో అయింది."

మల్లేష్ చెయ్యి చాపబోయాడు. ఈదమ్మ అడ్డం వచ్చింది. "గా ఫోన్ల గూడ జెప్పు పటేలా," అంది.

"పనిలకు రమ్మన్నంక ఇంకేంది?"

"నువ్వొక్కనివి రమ్మంటే సాలదు. నిన్న నువ్వు జెప్పింది ఎంతమంది ఇన్నరో, గంతమంది ఇనాలె."

మధుసూదన్ చిరాకుగా చుట్టూ చూశాడు. మొగులయ్య చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను చాయ గ్లాసులు ఏరుతున్నట్టు అక్కడే ఉన్నాను. చివరికి ఫోన్ తీసి, నోటి దగ్గర పెట్టుకున్నాడు. "నిన్న జెప్పిన ముచ్చట తప్పు. మా మల్లేష్ డీజిల్ దొంగ గాదు. వాళ్లమ్మ ఈదమ్మ, అలియాబాద్‌ల చేపలమ్మేటామె, తెల్వక డీజిల్ డబ్బల దినాం నీళ్లు వోసింది. పంపు గందుకే పోయింది. తప్పంత ఆమెది."

డబ్బా కొనివ్వని పటేలు పేరు మాత్రం అందులో లేదు. మెసేజ్ పోయిన కాసేపటికే షెడ్డులో అందరి ఫోన్లూ మోగడం మొదలైంది. భిక్షం ఫోన్‌లో ఎవడో పగలబడి నవ్వుతూ, "డీజిల్ ట్యాంకుల చేపలు వెంచుతున్నదారా ముసల్ది?" అని పంపిన గొంతు అందరికీ వినబడేలా మోగింది. భిక్షం గబగబా ఆపేశాడు.

మల్లేష్ ముఖం మసి కిందనే ఎర్రబడింది. "అమ్మ పేరెందుకు తీసినవన్నా?" అని మధుసూదన్ మీదికి పోయాడు. "అందరు నవ్వుతున్రు. గది తీసెయ్. ఇంకోటి పెట్టు, లేకపోతే నీ బండి నాకొద్దు."

ఈదమ్మ వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని ఆపింది.

"పోనియ్ రా," అంది. "నా పేరు సెడితే ఏమైతది? నాకు లారీ ఎవడిస్తడు?"

తర్వాత మధుసూదన్ చేతిలోంచి తాళం చెవి తానే తీసుకుని, కొడుకు చేతిలో పెట్టింది.